కల్లివెల్లి

కపిల్ ఇంట్లకెల్లి ఉరికొచ్చిన్నాడు
నాకో పేరు వడ్డది: కల్లివెల్లి.
కాగితం లేనోడు. దొరికితె జైలు, జైలు తర్వాత విమానం.
ఏడేండ్లు గా పేరు కిందనే బతికిన,
ఫహాహీల్ల, ఒక లాండ్రీ ఎనుక.
పగలంత ఇస్త్రి, రాత్రైతె బేస్మెంటు.
పోలీసు బండి నీలం లైటు గోడ మీద తిరిగితె
నీళ్లట్యాంకి సందుల జొచ్చి
ఊపిరి బిగవట్టుడు.

జరమొచ్చి బేస్మెంటుల మూడొద్దులు వన్న.
లేసి పైకొస్తె ఇస్త్రిపెట్టె సల్లగున్నది.
రోడ్డు మీద కార్లు తలుపులు తెరిసే ఉన్నయి.
పిలిస్తె నా గొంతే తిరిగి తిరిగి
నా కాడికే వచ్చింది, మనిషి దొరకనట్టు.

ఏమైందో చెప్పెటోడు లేడు గనుక
నేనే ఒకటి అనుకున్న:
సావు చేతుల లిస్టు వట్టుకొని వచ్చి ఉంటది.
ఐడీ నంబర్లు ఒక్కొక్కటే టిక్కు వెట్టుకుంట
షేకుల బంగ్లాల్లకెల్లి బంక్ బెడ్ల దాక పోయి ఉంటది.
ఒద్నాల లింబాద్రి, మల్యాల మండలం –
గా పేరు ఏ కాయితం మీద లేకపాయె.

ముందుగాల నీళ్లు వోయినయి.
ఈడ నీళ్లంటె ఉడకవెట్టిన సముద్రం.
ఉడకవెట్టెటోడు లేడు.
బకాలల్ల సీసాలు లెక్కవెట్టిన, నాలుగువేల చిల్లర.
తర్వాత ఆయిలు గొట్టం నెత్తి మీది మంట ఆరింది.
నేనొచ్చిన కాన్నుంచి ఒక్క రాత్రి గూడ ఆరంది.
గారోజు ఫహాహీల్ మీద గన్ని చుక్కలు జూసి
ఎవలకన్న చూపియ్యాలని
ఎనుకకు తిరిగిన.

ఫోనుల పదకొండు పర్సెంటు ఉండె.
మా లచ్చవ్వకు కొట్టిన. రింగు వోలే.
మా బామ్మర్దికి, మల్యాల కిరాణం శేటుకు,
చిట్టీ డబ్బులెగ్గొట్టిన కొమురెల్లికి.
ఆఖరుకు పోలీస్ టేషన్కు గూడ కొట్టిన:
కల్లివెల్లి ఒకడు ఈడున్నడు సార్,
లాండ్రీ ఎనుకున్నడు, రాండ్రి.

లాండ్రీల రెండువందల పదిహేడు దిష్దాషాలు.
గాలి జొరవడితె భుజాలు కదుపుతయి.
కాలరు లోపట నేను కుట్టిన నంబర్లు.
అరవై నాలుగు, ఎప్పుడు గుండీ తెంపుకొచ్చె బడిపంతులు.
నూటపద్దెనిమిది, పెండ్లికని
రెండుసార్లు గంజి వెట్టిచ్చినోడు.
గది దినాం తీసి, దులిపి,
మల్ల గక్కడ్నె తగిలిస్త.

ఓనాడు సముద్రం పొంటి నడుసుకుంట
సాల్మియాకు, కపిల్ ఇంటికి వోయిన.
గంట కొట్టిన ముందుగాల. అలవాటు.
సొరుగుల పదమూడు పాస్పోర్టులు,
రబ్బరు బ్యాండు కరిగి అట్టలకు అంటుకున్నది.
నాది తెరిసిన.
ఫోటోల పిలగాడు చాన సేపు జూసిండు,
గుర్తువట్టలే.
దీనికోసమే గదా ఏడేండ్లు ఒంగి నడిసింది.
మిగిలిన పన్నెండు మల్ల గండ్లనే వెట్టి
సొరుగు మూసిన, సప్పుడు గాకుంట.

కల్లివెల్లి అంటె
యజమానిని ఇడిసిపెట్టి పారిపోయినోడు.
ఇప్పుడు లోకమే నన్ను ఇడిసిపెట్టి పారిపోయింది.
దాన్ని ఎవలు వట్టుకోవాలె?
పట్టుకొని ఏ ఊరికి పంపాలె?

నిన్న రాత్రి మెట్ల మీద రేకు డబ్బా పడ్డది.
ఆలోచన గీలోచన లేదు, కాళ్లే ఉరికినయి.
ట్యాంకి సందుల ముడుసుకొని
మోకాళ్ల మీద గదవ వెట్టి, ఊపిరి ఆపి.
బయట సప్పుడు దగ్గరికొచ్చుకుంట ఆగింది, మల్ల కదిలింది.
పిల్లి అని నాకు ఎరుకే.
అయినా ఎవలో వచ్చిన్రని,
నాకోసమే వచ్చిన్రని
గుండె గట్ల కొట్టుకోక ఎన్ని దినాలైందో.

మెల్లగ
ఒక కాలు
సందులకెల్లి బయటికి చాపి వెట్టిన.